ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం - చేరుకొను మార్గాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం హైదరాబాదు నగరంలో తార్నాక, అడిక్‌మెట్, విద్యానగర్ ప్రాంతాల మధ్య ఉన్నది. సికింద్రాబాదు రైల్వే స్టేషను నుండి రోడ్డు మార్గాన సుమారు 5, 6 కిలోమీటర్ల దూరం. ప్రాంగణపు పిన్ కోడు 500007. ప్రవేశాలకు, పరీక్షలకు, ధ్రువపత్రాలకు, పరిశోధనకు, ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చూచుటకు వివిధ జిల్లాల నుండి ఇక్కడికి వచ్చిపోవువారు ఎందరో ఉన్నారు. నగరం నలుమూలల నుండి ఇక్కడికి రైలు, మెట్రో, బస్సు సౌకర్యాలు ఉన్నాయి.

ఐతే కొత్తగా వచ్చువారు రెండు విషయాలలో తరచుగా పొరబడుతుంటారు. మొదటిది, ఉస్మానియా అనే పేరు నగరంలో ఒక్క చోటికే పరిమితం కాదు. రెండవది, ప్రాంగణం చాలా విశాలమైనది. ఒక అంచున దిగినవారు మరొక అంచున ఉన్న భవనానికి చేరుటకు కిలోమీటర్ల కొద్దీ నడవవలసి వచ్చును. కనుక బయలుదేరుటకు ముందే, వెళ్ళవలసినది ఏ ఉస్మానియా, అందులో ఏ భవనం, దానికి ఏ వైపు దగ్గర అనే మూడు ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండవలెను.

ఉనికి

ప్రాంగణానికి ఈశాన్యాన తార్నాక, తూర్పున హబ్సిగూడ, ఆగ్నేయాన రామంతపూర్, దక్షిణాన అంబర్‌పేట, నైరుతి దిశలో విద్యానగర్, అడిక్‌మెట్ ఉన్నాయి. పడమటి వైపున సికింద్రాబాదు - కాచిగూడ రైలు మార్గం ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. తార్నాక నుండి విద్యానగర్ వైపునకు పోవు రహదారి ప్రాంగణం గుండానే వెళుతుంది. కొత్తవారు ఈ రహదారిని, పడమటి రైలు మార్గాన్ని మనసులో ఉంచుకొన్నచో ప్రాంగణపు స్వరూపం సులభంగా బోధపడును.

విశ్వవిద్యాలయానికి సుమారు 1,300 ఎకరాల విస్తీర్ణం ఉన్నట్లు సాధారణంగా చెబుతారు. అంటే 5 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇది ఒక చిన్న పట్టణమంత వైశాల్యం. తార్నాక కూడలి నుండి ఆర్ట్స్ కళాశాలకే సుమారు 2 కిలోమీటర్ల దూరం ఉన్నది.

ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఈ ప్రాంగణానికి ఆనుకొనియే ఉన్నది. 1958లో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థగా మొదలైన ఆ సంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయినది. దాని పరిపాలన వేరు, ద్వారం వేరు. అక్కడికి వెళ్ళువారికి కూడా తార్నాకయే దగ్గర.

ప్రాంగణం ఇక్కడ ఏర్పడిన విధం

విశ్వవిద్యాలయ స్థాపనకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా జారీ చేసెను. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1919లో తరగతులు మొదలైనవి. ఆనాడు బోధన ఉర్దూ భాషలో జరిగెడిది. పాఠ్యగ్రంథాల కొరకు ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థను నెలకొల్పిరి. 1948 తరువాత బోధనా భాషగా ఇంగ్లీషు వచ్చినది.

తొలి తరగతులు ఇప్పటి ప్రాంగణంలో జరుగలేదు. నగరం నడిబొడ్డున, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని భవనాలలో జరిగినవి. శాశ్వత ప్రాంగణానికి అడిక్‌మెట్ ప్రాంతాన్ని ఎంచుటలో ప్రసిద్ధ నగర నిర్మాణవేత్త పాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకొనిరి. ఒకప్పుడు ఈ భూములు ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768-1824) జాగీరులోనివి. ఆమె పేరుతో పిలువబడే మెట్లబావి ఈ ప్రాంతంలో నేటికీ ఉన్నది.

ప్రాంగణ నిర్మాణానికి 1934 జూలై 5న నిజాం శంకుస్థాపన చేసెను. బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ వాస్తుశిల్పిగా వ్యవహరించెను. ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమైనది. ఆ కాలంలో ఇది నగరానికి వెలుపల ఉన్న విశాలమైన ఖాళీ ప్రదేశం. తరువాతి దశాబ్దాలలో నగరం పెరిగి ప్రాంగణాన్ని అన్ని వైపులా చుట్టుముట్టినది. భవనాలు దూరదూరంగా ఉండుటకు, నలువైపుల నుండి దారులు ఉండుటకు ఇదియే కారణం.

రైల్వే స్టేషను పేరులో కూడా ఈ చరిత్ర నిలిచి ఉన్నది. ప్రాంగణపు నైరుతి అంచున ఉన్న స్టేషను పేరు జామై ఉస్మానియా. ఉర్దూలో జామియా అనగా విశ్వవిద్యాలయం. జామై ఉస్మానియా అనగా ఉస్మానియా విశ్వవిద్యాలయం అనియే అర్థం. ఈ సంగతి తెలియనివారు అది మరేదో ఊరి పేరు అనుకొని రైలు దిగకుండా ముందుకు సాగిపోవుట కద్దు.

ఒకే పేరు, వేరు వేరు చోట్లు

ఏడవ నిజాం పేరు మీద నగరంలో అనేక సంస్థలు ఏర్పడినవి. ఆటోవారితో గాని, బస్సు కండక్టరుతో గాని ఉస్మానియా అని మాత్రమే చెప్పినచో వారు మరొక చోటికి దారి చూపు అవకాశం ఉన్నది. ముఖ్యంగా గుర్తుంచుకొనవలసినవి ఇవి.

ఉస్మానియా జనరల్ ఆస్పత్రి: ఇది అఫ్జల్‌గంజ్‌లో మూసీ నది ఒడ్డున ఉన్నది. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి సమీపంలో లేదు.

ఉస్మానియా వైద్య కళాశాల: ఇది కోఠిలో ఉన్నది. హైదరాబాదు మెట్రో ఎరుపు మార్గంలో ఉస్మానియా మెడికల్ కాలేజి అనే పేరుతో ఒక స్టేషను ఉన్నది. మెట్రో పటంలో ఉస్మానియా అనే మాట కనబడగానే అదే విశ్వవిద్యాలయమని తలచి అక్కడ దిగువారు ఉన్నారు. ఆ స్టేషను నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణానికి సుమారు 7 కిలోమీటర్లు. విశ్వవిద్యాలయానికి దగ్గరైన మెట్రో స్టేషను తార్నాక. అది నీలం మార్గంలో ఉన్నది.

విశ్వవిద్యాలయానికి చెందినవే ఐనా ప్రధాన ప్రాంగణంలో లేని కళాశాలలు: నిజాం కళాశాల బషీర్‌బాగ్‌లో ఉన్నది. పి.జి. న్యాయ కళాశాల కూడా బషీర్‌బాగ్‌లోనే ఉన్నది. ప్రధాన ప్రాంగణంలో మరొక న్యాయ కళాశాల ఉన్నది. సైఫాబాద్‌లో ఒక విజ్ఞానశాస్త్ర కళాశాల, ప్రాంగణంలో మరొక విజ్ఞానశాస్త్ర కళాశాల ఉన్నాయి. సికింద్రాబాదులో సర్దార్ పటేల్ రోడ్డున ఒక పి.జి. కళాశాల ఉన్నది. ఈ విధంగా ఒకే శాస్త్రానికి రెండు చోట్ల కళాశాలలు ఉండుట వలన, ఉస్మానియా లా కాలేజి, ఉస్మానియా సైన్స్ కాలేజి అని మాత్రమే చెప్పిన సరిపోదు. ప్రాంతం పేరు కూడా చూసుకొనవలెను.

కోఠి మహిళా కళాశాల: పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనంలో చిరకాలం ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాలగా నడచిన ఈ సంస్థ 2022లో ప్రత్యేక మహిళా విశ్వవిద్యాలయం అయినది. తరువాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పాత ధ్రువపత్రాల మీద ఉస్మానియా పేరు ఉన్నను, ఆ కళాశాల ఉన్నది కోఠిలోనే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం: 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, నగరానికి పడమటి కొసన ఉన్నది. హైదరాబాదు యూనివర్సిటీ అని అడిగినచో అక్కడికే దారి చూపుదురు. ఉస్మానియా ప్రాంగణానికీ దానికీ మధ్య 20 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది. పరీక్ష నాటి ఉదయం జరిగిన ఇటువంటి పొరపాటును సరిదిద్దుకొనుట దాదాపు అసాధ్యం.

ప్రాంగణానికి మూడు వైపులు

సందర్శకుల సౌకర్యం కొరకు ప్రాంగణంలోనికి వచ్చు దారులను మూడుగా విభజించవచ్చును.

తార్నాక వైపు: మెట్రోలో వచ్చువారికి, సికింద్రాబాదు, ఉప్పల్, హబ్సిగూడ, ఇ.సి.ఐ.ఎల్. దిక్కుల నుండి బస్సులలో వచ్చువారికి ఇది అనువైన వైపు. తార్నాక కూడలి నుండి నైరుతి దిశగా పోవు రహదారి ప్రాంగణంలోనికి దారితీయును. కూడలిలో ఆటోలు దొరకును. తార్ అనగా తీగ, నాకా అనగా తనిఖీ చేయు చోటు. పూర్వం ఇక్కడ ఉండిన తీగ కంచెను, కాపలా చోటును బట్టి తార్నాక అనే పేరు వచ్చినదని స్థానికులు చెబుతారు.

విద్యానగర్, అడిక్‌మెట్ వైపు: కోఠి, కాచిగూడ, బర్కత్‌పుర, నల్లకుంట దిక్కుల నుండి వచ్చువారికి ఈ వైపు దగ్గర. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి ఈ వైపున మంచి గుర్తు. ఈ దిక్కున ఉన్న ద్వారాన్ని ఎన్.సి.సి. గేటు అంటారు. ఆటోవారికి ఆ పేరు బాగా తెలియును.

రైలు మార్గం వైపు: ప్రాంగణపు పడమటి అంచున రెండు చిన్న స్టేషన్లు ఉన్నాయి. మొదటిది ఆర్ట్స్ కాలేజి, రెండవది జామై ఉస్మానియా. ఆర్ట్స్ కాలేజి స్టేషను నుండి ఆర్ట్స్ కళాశాల నడిచి వెళ్ళదగిన దూరంలోనే ఉన్నది. జామై ఉస్మానియా స్టేషను అడిక్‌మెట్ వైపునకు దగ్గర.

రైలులో వచ్చువారు

సికింద్రాబాదు స్టేషను: వరంగల్, ఖమ్మం, విజయవాడ దిక్కుల నుండి వచ్చు అనేక రైళ్ళు ఇక్కడికి చేరుకొనును. స్టేషనును ఆనుకొని సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషను ఉన్నది. అక్కడ నాగోల్ వైపు పోవు రైలు ఎక్కినచో మెట్టుగూడ తరువాత వచ్చునది తార్నాక. అనగా రెండవ స్టేషనులో దిగవలెను. బస్సులో గాని ఆటోలో గాని వచ్చువారు చిలకలగూడ, మెట్టుగూడ మీదుగా తార్నాక చేరుదురు.

ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు: హైదరాబాదులో ఈ స్థానిక రైళ్ళు 2003లో మొదలైనవి. సికింద్రాబాదు నుండి ఫలక్‌నుమా వైపు పోవు రైలు మార్గంలో వరుసగా సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి, జామై ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ స్టేషన్లు ఉన్నాయి. ఆర్ట్స్ కళాశాలకు వెళ్ళువారికి ఇంతకంటె దగ్గరి దారి లేదు. టికెట్టు ధర కూడా తక్కువ. ఐతే ఈ మార్గంలో రైళ్ళు మెట్రో వలె నిమిషాల వ్యవధిలో ఉండవు. వేళలు ముందుగా చూసుకొని, ఒక రైలు తప్పినచో మరొక మార్గం ఏదో తెలిసి ఉండుట మంచిది. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్ రైళ్ళు ఈ చిన్న స్టేషన్లలో ఆగవు.

కాచిగూడ స్టేషను: 1916లో నిర్మించిన ఈ స్టేషనుకు మహబూబ్‌నగర్, కర్నూలు దిక్కుల నుండి రైళ్ళు వచ్చును. ఇక్కడి నుండి సికింద్రాబాదు వైపు పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలులో విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి స్టేషన్లు వరుసగా వచ్చును. రోడ్డు మార్గాన నల్లకుంట, విద్యానగర్ మీదుగా రావచ్చును. కాచిగూడలో దిగినవారు సికింద్రాబాదు వరకు పోయి మరల వెనుకకు రానవసరం లేదు.

నాంపల్లి స్టేషను: హైదరాబాదు దక్కన్ అనే పేరు కూడా కలిగిన ఈ స్టేషను వద్ద ఎరుపు మార్గపు మెట్రో ఉన్నది. మియాపూర్ వైపు పోవు రైలు ఎక్కి, అమీర్‌పేటలో దిగి, నాగోల్ వైపు పోవు నీలం మార్గపు రైలులోనికి మారవలెను. అమీర్‌పేట తరువాత తార్నాక ఎనిమిదవ స్టేషను.

బేగంపేట స్టేషను: వికారాబాదు, తాండూరు దిక్కుల నుండి వచ్చు రైళ్ళలో ఇక్కడ ఆగునవి ఉన్నాయి. సమీపంలోనే నీలం మార్గపు బేగంపేట మెట్రో స్టేషను ఉన్నందున మార్పు లేకుండా తార్నాక చేరవచ్చును.

చర్లపల్లి స్టేషను: నగరపు తూర్పు దిక్కున ఉన్న ఈ స్టేషనులో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైనది. కొన్ని రైళ్ళు సికింద్రాబాదుకు బదులుగా ఇక్కడి నుండి బయలుదేరుతున్నాయి, ఇక్కడికే చేరుతున్నాయి. కనుక టికెట్టు మీద గమ్యస్థానం పేరు జాగ్రత్తగా చూసుకొనవలెను. చర్లపల్లిలో దిగినవారు బస్సులో గాని ఆటోలో గాని హబ్సిగూడ లేదా తార్నాక చేరుకొనవచ్చును. ప్రాంగణం కూడా నగరపు తూర్పు భాగంలోనే ఉన్నందున సికింద్రాబాదు స్టేషను వరకు వెళ్ళనవసరం లేదు.

మెట్రో రైలులో వచ్చువారు

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైనది. నాగోల్ - అమీర్‌పేట భాగం ఆనాడే ప్రారంభమైనందున తార్నాక స్టేషను తొలి నుండి పని చేయుచున్నది. నీలం మార్గం 2019 నవంబరు నాటికి రాయదుర్గం వరకు పూర్తి అయినది.

మెట్రోకు మూడు మార్గాలు ఉన్నాయి. మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వరకు ఎరుపు మార్గం, నాగోల్ నుండి రాయదుర్గం వరకు నీలం మార్గం, జె.బి.ఎస్. నుండి ఎం.జి.బి.ఎస్. వరకు ఆకుపచ్చ మార్గం. ప్రాంగణానికి వచ్చువారు ఎక్కడ ఎక్కినను చివరకు నీలం మార్గంలోనికి మారవలసినదే. ఎరుపు మార్గం నుండి మారుటకు అమీర్‌పేట, ఆకుపచ్చ మార్గం నుండి మారుటకు పరేడ్ గ్రౌండ్ అనువైనవి.

తార్నాకలో దిగిన తరువాత మెట్లు దిగి, ప్రాంగణం వైపు పోవు రహదారి ఏదో అడిగి తెలుసుకొని, అక్కడ బస్సు లేదా ఆటో ఎక్కవలెను. కాలినడకన ఆర్ట్స్ కళాశాల వరకు వెళ్ళుటకు సుమారు అరగంట పట్టును. వేసవిలో, వర్షంలో, సామానుతో ఉన్నవారికి నడక తగదు. తెల్లవారుజామున, అర్ధరాత్రి వేళ మెట్రో రైళ్ళు నడవవు. కనుక వేకువనే రైలు దిగినవారు ఆ సంగతి గమనించవలెను.

జిల్లాల నుండి బస్సులో వచ్చువారు

తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ బస్సులు ఏ దిక్కు నుండి వచ్చినవి అనుదానిని బట్టి ప్రయాణికులు దిగవలసిన చోటు మారును. చివరి బస్టాండు వరకు వెళ్ళుట అన్ని వేళలా లాభకరం కాదు.

హనుమకొండ, వరంగల్, జనగామ, యాదగిరిగుట్ట దిక్కు నుండి వచ్చువారు ఉప్పల్‌లో దిగుట మేలు. ఉప్పల్ మెట్రో స్టేషనులో రాయదుర్గం వైపు పోవు రైలు ఎక్కినచో స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ తరువాత నాలుగవ స్టేషను తార్నాక.

కరీంనగర్, సిద్దిపేట, నిజామాబాదు, ఆదిలాబాదు దిక్కు నుండి వచ్చు బస్సులు సికింద్రాబాదులోని జూబ్లీ బస్ స్టేషనుకు (జె.బి.ఎస్.) చేరును. అక్కడి మెట్రో స్టేషను నుండి పరేడ్ గ్రౌండ్ స్టేషనుకు లోపలి దారి ద్వారా మారి, నాగోల్ వైపు రైలు ఎక్కవలెను. సికింద్రాబాద్ ఈస్ట్, మెట్టుగూడ తరువాత మూడవ స్టేషను తార్నాక.

మహాత్మా గాంధీ బస్ స్టేషను (ఎం.జి.బి.ఎస్.) చేరినవారికి రెండు దారులు ఉన్నాయి. ఆకుపచ్చ మార్గపు మెట్రోలో చివరి వరకు పోయి పైన చెప్పిన విధంగా మారవచ్చును. లేదా కోఠి, విద్యానగర్ మీదుగా రోడ్డు మార్గాన రావచ్చును. రెండవది దూరం తక్కువ. రద్దీ వేళలలో మాత్రం మెట్రోలో వచ్చుటయే నమ్మకమైనది.

నల్గొండ, సూర్యాపేట, విజయవాడ దిక్కు నుండి వచ్చువారు ఎల్.బి.నగర్‌లో దిగి, ఉప్పల్ మీదుగా సికింద్రాబాదు పోవు సిటీ బస్సు ఎక్కినచో నేరుగా తార్నాక చేరుకొనవచ్చును. మెట్రోలోనే రాదలచినచో కనీసం ఒక మార్పు అవసరమగును.

తెలంగాణకు చెందిన మహిళలకు 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యం కల్పించబడినది. ఇందుకు నివాసాన్ని తెలుపు గుర్తింపు కార్డు వెంట ఉండవలెను. ఈ సౌకర్యం మెట్రో రైలుకు వర్తించదు.

విమానంలో వచ్చువారు

2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం నుండి ప్రాంగణానికి 30 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది. విమానాశ్రయం నుండి నగరానికి రోడ్డు రవాణా సంస్థ వారి పుష్పక్ బస్సులు నడుచును. సికింద్రాబాదు వైపు పోవు బస్సు ఎక్కి, అక్కడి నుండి తార్నాక చేరుట సులభం. సదస్సులకు వచ్చు ఆచార్యులు, పరిశోధకులు తరచుగా టాక్సీలో నేరుగా వచ్చెదరు. టాక్సీ యాప్‌లో చిరునామా ఇచ్చునపుడు విశ్వవిద్యాలయం పేరు మాత్రమే కాక భవనం పేరు కూడా ఇవ్వవలెను.

ప్రాంగణం లోపల

ఆర్ట్స్ కళాశాల అందరికీ తెలిసిన గుర్తు. ఐతే కొత్తగా వచ్చువారు తరచుగా ఆర్ట్స్ కళాశాలనే విశ్వవిద్యాలయ కార్యాలయమని అనుకొందురు. అది సరి కాదు. అందులో సాహిత్యం, భాషలు, సాంఘిక శాస్త్రాలకు చెందిన శాఖలు ఉన్నాయి. పరిపాలనా భవనం, పరీక్షల విభాగం, దూరవిద్యా కేంద్రం, గ్రంథాలయం, ఇంజనీరింగు కళాశాల, సాంకేతిక కళాశాల, న్యాయ కళాశాల, విజ్ఞానశాస్త్ర కళాశాల, ఠాగూర్ ఆడిటోరియం అన్నియు వేరు వేరు భవనాలు. వీటి మధ్య ఎండలో కాలినడకన తిరుగుట శ్రమతో కూడిన పని.

ఏ పనికి ఏ భవనానికి వెళ్ళవలెనో ముందుగా తెలుసుకొన్నచో సగం శ్రమ తగ్గును.

డిగ్రీ పట్టా, మార్కుల పత్రాలు, పరీక్షా ఫలితాలకు సంబంధించిన పనులు పరీక్షల విభాగంలో జరుగును. దూరవిద్య విద్యార్థులు ఆచార్య జి. రామ్‌రెడ్డి దూరవిద్యా కేంద్రానికి వెళ్ళవలెను. 1977లో కరస్పాండెన్స్ కోర్సుల సంస్థగా మొదలైన ఈ కేంద్రం దూరవిద్యకు మార్గదర్శకుడైన రామ్‌రెడ్డి పేరు మీద నడుచుచున్నది. ఇంజనీరింగు విద్యార్థుల పనులు మొదట ఆ కళాశాలలోనే చూసుకొనవలెను. 1929లో స్థాపించిన ఈ కళాశాల భవనం కూడా ప్రాంగణంలో పేరుపొందినది. స్నాతకోత్సవాలు, పెద్ద సభలు సాధారణంగా ఠాగూర్ ఆడిటోరియంలో జరుగును.

పని మీద వచ్చువారు సెలవు దినాలను, మధ్యాహ్న భోజన విరామాన్ని దృష్టిలో ఉంచుకొనవలెను. ఉదయం పూటనే చేరినచో, ఒక కిటికీ వద్ద నుండి మరొక భవనానికి పంపినను ఆ రోజే పని పూర్తి చేసుకొను అవకాశం ఉండును. దూరం నుండి వచ్చిన విద్యార్థికి ఒక రోజు తప్పుట అనగా మరొక ప్రయాణపు ఖర్చు, కూలి పని చేయు తల్లిదండ్రులకు మరొక రోజు కూలి పోవుట. హాల్ టికెట్టు సంఖ్య, గుర్తింపు కార్డు, ధ్రువపత్రాల నకళ్ళు వెంట ఉంచుకొన్నచో మరల రావలసిన అవసరం తగ్గును.

పరీక్షలు వ్రాయుటకు వచ్చువారు

తెలంగాణలో అనేక ప్రవేశ పరీక్షలకు ఒక్క నిమిషం ఆలస్యమైనను లోనికి అనుమతించని నిబంధన ఉన్నది. కనుక దారి విషయంలో పొరబడినచో ఏడాది కాలపు చదువు వృథా కాగలదు. ఈ కింది జాగ్రత్తలు ఉపయోగపడును.

హాల్ టికెట్టు మీద కళాశాల పేరుతో పాటు ప్రాంతం పేరు చదువవలెను. ప్రాంతం బషీర్‌బాగ్, సైఫాబాద్, కోఠి, సికింద్రాబాదు అని ఉన్నచో పరీక్షా కేంద్రం ఈ ప్రాంగణంలో లేదని అర్థం.

ప్రాంగణంలోనే ఐనచో భవనం పేరు చూసుకొని, తార్నాక వైపు దగ్గరా, విద్యానగర్ వైపు దగ్గరా అన్నది నగరంలో తెలిసినవారిని అడిగి గాని, పటంలో గాని నిర్ధారించుకొనవలెను.

వీలైనచో ముందు రోజే వచ్చి కేంద్రాన్ని చూసి పోవలెను. వీలు కానిచో ప్రాంగణపు అంచు నుండి భవనం వరకు చేరుటకు అరగంట ప్రత్యేకంగా కేటాయించుకొనవలెను. తార్నాక చేరిన సమయాన్ని కేంద్రం చేరిన సమయంగా లెక్కించరాదు.

ఉదాహరణకు, హనుమకొండ నుండి బస్సులో బయలుదేరిన విద్యార్థి ఉప్పల్‌లో దిగి, మెట్రోలో తార్నాక చేరి, ఆటోలో ప్రాంగణంలోనికి వెళ్ళును. మహబూబ్‌నగర్ నుండి రైలులో వచ్చిన విద్యార్థి కాచిగూడలో దిగి, విద్యానగర్ వైపు నుండి ప్రవేశించును. ఇద్దరూ ఒకే ప్రాంగణానికి వచ్చినను వారు దిగు చోట్లు వేరు, ప్రవేశించు వైపులు వేరు. ఒకరి దారి మరొకరికి చుట్టుదారి అగును.

చూడవచ్చు సందర్శకులు

గులాబీ వన్నె గ్రానైటు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం హైదరాబాదు కట్టడాలలో ప్రముఖమైనది. ఎత్తైన ముఖద్వారపు కమానులో ముస్లిం వాస్తురీతి, స్తంభాలలో దక్కను ప్రాంతపు హిందూ వాస్తురీతి కలిసి కనబడును. 1969లోను, మరల 2009 నుండి 2014 వరకును జరిగిన తెలంగాణ ఉద్యమాలలో ఈ భవనం ముందరి ఆవరణ ముఖ్య వేదికగా నిలిచినది.

ఇది నేటికీ తరగతులు జరుగు కళాశాల. కనుక సందర్శకులు బోధనకు ఆటంకం కలుగకుండ వెలుపలి నుండి చూచుట, లోనికి వెళ్ళుటకు అనుమతి అడుగుట మర్యాద. ఉదయపు వేళ ఎండ తక్కువగా ఉండును, నడచుటకు హాయిగా ఉండును. సభలు, ఆందోళనలు జరుగు రోజులలో పోలీసులు కొన్ని దారులను మూసివేయుదురు. అటువంటి రోజులలో ఒక వైపు దారి మూసి ఉన్నచో మరొక వైపు నుండి ప్రయత్నించవలెను.

తిరుగు ప్రయాణం

సాయంకాలం తరగతులు, కార్యాలయాలు ముగియు వేళకు తార్నాక కూడలిలో రద్దీ ఎక్కువ. రైలు అందుకొనవలసినవారు టికెట్టు మీద స్టేషను పేరును మరొకసారి చూసుకొనవలెను. సికింద్రాబాదు, కాచిగూడ, నాంపల్లి, చర్లపల్లి నాలుగును వేరు వేరు దిక్కులలో ఉన్నాయి. సికింద్రాబాదుకు తార్నాక నుండి రాయదుర్గం వైపు పోవు మెట్రో, కాచిగూడకు విద్యానగర్ వైపు రహదారి, చర్లపల్లికి తార్నాక నుండి తూర్పుగా పోవు దారి అనువైనవి. నాంపల్లికి మెట్రోలో అమీర్‌పేట వద్ద మారి వెళ్ళవచ్చును.